చేతబడికి ఇచ్చిన ఆధార్ కార్డు

మూఢనమ్మకాన్ని చితక్కొట్టబోయి నా పరువునూ, మా ఆవిడ కుట్టు దుకాణాన్నీ ఒక్క దెబ్బకు ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు ఇబ్రహీంపట్నమంతా నవ్వింది.

ఆ రోజుల్లో హేతువాదం నాకు జ్వరంలా ఉండేది. చేతబడి చేస్తాడని పేరున్న మల్లయ్యకు సవాలు విసురుతూ బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టించాను. "దమ్ముంటే నామీద ప్రయోగించు!" అన్న మాటల కింద, గురి తప్పకుండా నా ఫోటో, సంతకం, ఆధార్, పాన్ కార్డులు మంచమంత సైజులో అచ్చేయించాను. శాస్త్రీయ దృక్పథమంటే అదే మరి!

మల్లయ్యే ఫోన్ చేశాడు.

"అన్నా, గా ఫ్లెక్సీ జర తీసెయ్యి. దొంగలు చూస్తరు."

"భయపడ్డవా మల్లయ్యా?"

"అవ్, నీ గురించే భయమైతుంది."

ఓడిపోయాడని నేను మిఠాయి పంచాను.

కొన్నాళ్లకు దుకాణం పెట్టడానికి మా ఆవిడ సరోజా నేనూ కలిసి లోను అడిగాం. బ్యాంకు మేనేజర్ కంప్యూటర్ చూసి, నన్ను చూశాడు.

"సార్, మీ పేరు మీద నాలుగు అప్పులున్నయ్. ఒక్కటి గూడ కట్టలే. లోను రాదు."

"నేను తీస్కోలేదు సార్!"

"మీ కార్డులతోని ఎవరో తీస్కున్నరు. ఎవరికన్న ఇచ్చిన్రా?"

సరోజ అందుకుంది. "ఎవరికి ఇయ్యలేదో అడుగుండ్రి సార్. బస్సెక్కెటోళ్లకు, దిగెటోళ్లకు, అందరికిచ్చిండు!"

సరోజ నన్ను చెవి పట్టుకున్నంత పనిచేసి నడిపించింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు, ఆధార్‌కు లాకు, అప్పిచ్చిన కంపెనీలకూ, అందరి అప్పుల చిట్టా రాసే క్రెడిట్ బ్యూరోకూ 'ఇవి నావి కావు' అని అర్జీలు. ఈలోగా బజారులో ఒకటే మాట: "మల్లయ్య చేతబడి పట్టింది! సార్ అప్పులపాలైండు!" మల్లయ్య గుమ్మం ముందు జనం వరుస కట్టారు. నా జీవితకాలపు ఉపన్యాసాలన్నీ మురికికాల్వలో కలిశాయి.

మల్లయ్య ఊరుకుంటే రాజాలా బతికేవాడు. ఊరుకోలేదు. బస్టాండు హోటల్లో బల్లెక్కి అరిచాడు: "నాకు చేతబడి వస్తే నా బోరుల నీళ్లెందుకు పడ్తలేవురా? గది దొంగల పని! పోయి మీ కార్డులు దాచుకోండ్రి!" ఆ ఫ్లెక్సీ కళ్లారా చూశానని పోలీస్ స్టేషన్‌కొచ్చి సాక్ష్యం కూడా చెప్పాడు.

అప్పులు నా పేరు మీంచి తొలగాయి. లోను వచ్చింది, సరోజ మిషన్లు తిరుగుతున్నాయి. నేను గొంతు చించుకున్నా పోని నమ్మకాన్ని మల్లయ్య తన పొట్ట తానే కొట్టుకుని పోగొట్టాడు. ఏ దేవుడికీ జోడించని ఈ చేతులు అతను కనబడితే వాటంతటవే కలుస్తాయి.

కనుక సమస్త హేతువాద లోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ మంత్రగాడికి సవాలు విసిరినా పాతకాలం పద్ధతిలో నాలుగు వెంట్రుకలూ, ఒక గోటిముక్కా మాత్రమే ఇస్తాను. వాటిమీద ఎవడూ లోను ఇవ్వడు.