‘మనందరి బిడ్డ’ ఏడాదికి సూరత్ వెళ్లొచ్చాను

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆడబిడ్డ ఇంట్లో ఎవరైనా పోతే పదకొండో రోజున అవ్వగారింటి నుంచి, అంటే పుట్టింటి నుంచి, చీర తీసుకెళ్లాలి. ఆ చీర కట్టుకుంటే గానీ ఆమె మళ్లీ నలుగురిలోకి రాదు. మా అక్క సరోజ సూరత్‌లో ఉంటుంది. బావ అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తాడు. పోయిన ఏడాది వాళ్ల పెద్దకొడుకు శ్రీకాంత్ సరిహద్దులో చనిపోయాడు. సైన్యంలో చేరి రెండేళ్లు కూడా నిండలేదు. అప్పుడు కరోనా, కరీంనగర్ నుంచి కదిలే వీల్లేదు. మేనమామనై ఉండి వాడి శవపేటికను టీవీలో చూశాను. పైన జెండా, కింద సిమెంటు కంపెనీ ప్రకటన. చీర పెట్టడం మాత్రం అలాగే ఉండిపోయింది. ఈసారి ఏడాది మాసికానికైనా పెట్టాలని కళ్లద్దాల షాపుకు తాళం వేసి బయల్దేరాను.

మీలో ఎవరైనా అటు వెళ్లేవాళ్లుంటే, సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రాజ్‌కోట్ రైలెక్కితే మర్నాడు పొద్దున సూరత్‌లో దిగుతారు. నేను వెళ్లిన రోజుల్లో కరోనా పరీక్ష కాగితం తప్పనిసరి అన్నారు. ముక్కులో పుల్ల పెట్టించుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని తెచ్చుకున్న ఆ కాగితాన్ని ఒక్కరూ అడగలేదు. స్టేషన్ నుంచి అక్క ఉండే లింబాయత్‌కు ఆటోవాడు వంద అన్నాడు. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కనపడింది. అందులో మా శ్రీకాంత్ ఒక మూలన పాస్‌పోర్టు ఫొటో అంత ఉన్నాడు. నడుమ నిలువెత్తున చేతులు జోడించి నర్సయ్య సేఠ్ ఉన్నాడు. ఈయన మన తెలుగువాళ్ల సంఘానికి అధ్యక్షుడు, బావ పనిచేసే కార్ఖానాకు యజమాని. నేను ఆ మూలనున్న పిల్లవాడి మేనమామనని చెప్పగానే ఆటోవాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "గర్వ్ హోనా చాహియే అంకుల్" అన్నాడు. అని నూటయాభై తీసుకున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి సేఠ్ గారే కుర్చీలో కూర్చుని ఉన్నారు. అక్క గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కాళ్లు కడుక్కోమంది.

"రేపు మాసికం కాంగనే గల్లీలనే సభ పెడుతున్నం. చెల్లెకు సన్మానం. టీవీవాళ్లు సుత వస్తున్నరు" అన్నాడు సేఠ్ నాతో. తర్వాత అక్క వైపు తిరిగాడు. "నువ్వు ఒక్కటే మాట చెప్పాలె చెల్లె. చిన్న కొడుకును సుత దేశానికే ఇస్తా అను. గంతే. ప్రతి తల్లి గట్లనే అంటది."

చిన్న కొడుకు వినయ్ వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. పద్దెనిమిదేళ్లు నిండాయి. తల్లి ఆ మాట మైకులో అందంటే వాడు వెళ్లక తప్పదు. వెళ్లకపోతే గల్లీలో తలెత్తుకోలేడు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఒక్క సేఠ్‌కు మాత్రమే అది చిన్న మాట. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, బావకు అన్నం పెట్టే మనిషి ఎదుట నోరెత్తలేకపోయాను.

మధ్యాహ్నం వినయ్ బండి మీద రింగ్ రోడ్‌కు వెళ్లాం, చీర కొనడానికి. చీరల ఊరు సూరత్‌కు వెళ్తూ చీర ఇక్కడినుంచి మోసుకుపోతావా అని మా ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ తలూపాను. తీరా చూస్తే అక్కడ ఒక్క చీర విడిగా అమ్మేవాడు లేడు. మార్కెట్ తర్వాత మార్కెట్, అంతస్తు తర్వాత అంతస్తు, ఎక్కడికి వెళ్లినా ఒకటే పాట, మొత్తం సెట్టు తీసుకోవాలి. సావు చీర బాబూ, ఒక్కటే కావాలి అని వినయ్ చేత గుజరాతీలో చెప్పించాను. ఆ వ్యాపారి వివరం కనుక్కుని, ముఖం వెలిగిపోయి, లోపల్నుంచి ఒక కట్ట తెప్పించాడు. కొంగు మీద తుపాకీ పట్టుకున్న జవాను, అంచు పొడవునా మంచుకొండలు. బాగా పోతున్న సరుకట. "శహీద్ కీ మా కే లియే ఇస్‌సే అచ్ఛా క్యా హోగా" అన్నాడు, అమరుడి తల్లికి ఇంతకన్నా మంచిది ఏముంటుందని. కొడుకు పోయిన మనిషి కొంగున తుపాకీ కట్టుకుని గిన్నెలు తోముకోవాలన్నమాట. చివరికి మెట్ల కింద ఒక ముసలాయన పాత స్టాకులోంచి మామూలు ఆకుపచ్చ నూలు చీర ఒకటి విడిగా ఇచ్చాడు. మాస్కు తడిసి ముక్కుకు అంటుకుంది, చెప్పులు తెగాయి, సాయంత్రమైంది.

"మామా, డుమస్ పోదామా? టమాటా భజియా తిందాం" అన్నాడు వినయ్. ఊరికి దూరమే, బండి మీద ముప్పావుగంట. ఆ నల్లటి ఇసుక సముద్రపొడ్డున బండ్ల దగ్గర జనం కరోనా సంగతే మరిచిపోయినట్టున్నారు. ఆ భజియాలు, అదే మన బజ్జీలు, నిజంగానే బాగుంటాయి, వేడివేడిగా తినండి. వినయ్ మాత్రం పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"రోజు పొద్దుగాల సేఠ్ మిలట్రీ సెలక్షన్లకని గ్రౌండుల ఉరికిస్తుండు మామా. గల్లీల అందరు ఫౌజీ ఫౌజీ అని పిలుస్తున్నరు. నాకు పోబుద్ధి అయితలేదు. వద్దంటే అన్న పేరు ఖరాబ్ జేసినోణ్ని అయితనా?"

కావురా అన్నాను. ఇంకా ఏదైనా చెప్పాల్సింది. పొట్లం విప్పి, చల్లారిపోతుంది తినమన్నాను.

మర్నాడు పొద్దున్నే మాసికం అయింది. అక్క చీర కట్టుకుంది. పది దాటాక గల్లీలో షామియానా కింద సభ మొదలైంది. మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటించాలని మైకులో చెప్పిన మనిషే అందరి భుజాల మీదా చేతులు వేశాడు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఒకటే అన్నాడు, శ్రీకాంత్ ఒక్క తల్లి బిడ్డ కాదు, మనందరి బిడ్డ. చప్పట్లు. సేఠ్ ఆ మాటను మూడుసార్లన్నాడు. తర్వాత శాలువా కప్పి, మైకు అక్క చేతికిచ్చి, చెవిలో గుర్తు చేశాడు.

అక్క మైకును దూరంగా పట్టుకుంది. అయినా గొంతు వినపడింది.

"అందరు మా బిడ్డ, మా బిడ్డ అంటున్నరు. మంచిది. బిడ్డ పోతే పాలోళ్లు, అయినోళ్లు పదొద్దులు మైల పడ్తరు గద. మీల ఎవలు పట్టిండ్రు? ఎవలింట్ల పొయ్యి ముట్టియ్యలె? ఎవలింట్ల పోరగాండ్లు గుండు జేయించుకున్నరు?"

ఎవరో దగ్గారు.

"సేటూ, నా కొడుకును కాలవెట్టిన అయిదో దినం నువ్వు కొత్త మగ్గాలకు కొబ్బరికాయ గొట్టినవ్. మా ఇంటికి సుత పేడాలు వచ్చినయ్. మైలున్నోడు కొబ్బరికాయ గొడ్తడా?"

"చెల్లె, గదంతా ఇప్పుడెందుకు? సంపినోడు దుష్మన్‌గాడు..."

"సంపినోని పేరు నాకు తెల్వది. వాణ్నీ ఎవలో పంపే ఉంటరు. నా కొడుకును పంపినోళ్ల పేర్లు నాకు తెలుసు. అండ్ల నా పేరు సుత ఉన్నది. నౌకరి దొరుకుతది పో బిడ్డా అన్న. ఆ బరువుల నా పాలు నేను మోస్తున్న. ఏడాది అయింది, దిగుతలేదు. మీ పాలు ఎవలు మోస్తరు?"

టీవీ కుర్రవాడు కెమెరా దించేశాడు. సేఠ్ నవ్వడానికి ప్రయత్నిస్తూ మైకు దగ్గరికి వంగాడు. "సరే చెల్లె, సరే. చిన్నోని మాట ఒక్కటి చెప్పి ముగించు."

అక్క శాలువా తీసి మడతపెట్టి ఆయన చేతిలోనే పెట్టింది.

"చిన్నోడు నా బిడ్డ. మీ అందరి బిడ్డ కాదు."

రైల్లో తిరిగొస్తూ దారంతా ఎవరెవర్నో తిట్టుకుంటూ వచ్చాను. యుద్ధం కావాలని స్టూడియోలో కూర్చుని అరిచేవాళ్లను, కొంగుల మీద తుపాకులు అచ్చువేసేవాళ్లను, ఫ్లెక్సీల వాళ్లను. చంపిన తూటా ఎవరిదో ప్రభుత్వాలు తేల్చుకుంటాయి. ఇరవై రెండేళ్లవాణ్ని దాని ఎదురుగా నిలబెట్టినవాళ్ల లెక్క మాత్రం ఏ దేశంలోనూ ఎవరూ తీయరు, తల్లులు తప్ప. బావకు కార్ఖానాలో పని ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదు. వినయ్ మాత్రం పొద్దున గ్రౌండుకు వెళ్లడం మానేశాడని నిన్న ఫోన్లో అక్క చెప్పింది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. సూరత్‌లోనే కాదు, మీ పక్క వీధిలోనైనా అలాంటి ఇంటికి వెళ్లాల్సి వస్తే, పెట్టింది తిని, కాసేపు ఊరికే కూర్చుని రండి. పదిరోజులు మైల పట్టే ఉద్దేశం ఉంటేనే ‘మన బిడ్డ’ అనండి.