బ్రేకుల మీదికి నెట్టిన తప్పు

ఈ సంగతి రాయాలని చాలాసార్లు కూర్చుని మానేశాను. మొన్న ఒక పెళ్ళిలో మా చర్చి పెద్ద ఒకాయన నన్ను నలుగురికి చూపించి, "ఇంత నిజాయితీ ఉండే మనిషి మన సర్చిలో ఇంకొకడు లేడప్పా" అన్నాడు. సగం అన్నం విస్తట్లోనే వదిలి లేచాను. ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చుకోకుండా రాయడం మొదలుపెట్టాను.

మాది మదనపల్లె. మా పెద్దవాళ్ళు నిమ్మనపల్లె పక్క చేలల్లో కూలికి పోయినవాళ్ళు. నేను మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని కుప్పంలో కాలేజీ లెక్చరర్నయ్యాను. మా ఆవిడ మదనపల్లెలోనే ఆసుపత్రిలో నర్సు. ఇద్దరం కలిసి సెకండ్ హ్యాండులో ఒక తెల్ల కారు కొన్నాం. మా వీధికి అదే మొదటి కారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే వీధి వీధంతా చుట్టూ నిలబడి ఆమెన్ చెప్పింది. ఆ తర్వాత ఎవరి పురిటికైనా, ఎవరి పిల్లల పరీక్షకైనా ఆ కారే. మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నదీ అందులోనే. దాని క్లచ్చి ఎక్కడ అందుకుంటుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఆ కారును చూసి కొనిపెట్టిందీ, తర్వాత బాగుచేస్తూ వచ్చిందీ ఒక్కరే. పుంగనూరులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్. హాస్టల్లో నాకు రెండు తరగతులు పైన ఉండేవాడు. నా ట్రంకుపెట్టె తాళంచెవి పోయి నేను ఏడుస్తుంటే సైకిల్ పుల్ల వంచి తాళం తీసిచ్చింది ఆయనే. ఆ రోజు నుంచి ఆయన్ని అన్నా అని పిలుస్తాను. పదో తరగతి తర్వాత స్పానరు పట్టాడు. మా చర్చివాళ్ళు ఊళ్ళో ఇన్ని షెడ్లుండగా తమ బండ్లను పుంగనూరుదాకా తోలుకుపోయేవాళ్ళు. పాస్టరుగారి వ్యాను కూడా అక్కడికే పోయేది. ఎందుకంటే ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ సామాను మార్చినా పాతదాన్ని కాగితంలో చుట్టి మన చేతిలో పెట్టేవాడు. బండి యజమాని ఎదురుగా లేకుండా బ్రేకులు ఇప్పేవాడే కాదు. "పానాలతో పని గదప్పా, నువ్వు సూడాల" అనేవాడు.

ప్రమోషన్ వచ్చిందని ఒక ఆదివారం చర్చిలో నాకు శాలువా కప్పారు. ఆ ఫోటో ఫోన్లో స్టేటస్ పెట్టాను. మర్నాడు పొద్దున కారులో కుప్పానికి బయల్దేరి, పుంగనూరు దాటాక, ఎవరెవరు చూశారో చూద్దామని ఫోన్ తీశాను. అందరూ చూశారా అన్నది కాదు, మా తోడల్లుడు చూశాడా లేదా అన్నది ఒక్కటే నాకు కావలసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఉద్యోగం ముందు నా ఉద్యోగం చిన్నదని ఏదో ఒక మాట విసిరేవాడు. ఆయన పేరు కోసం వేలితో పైకి జరుపుకుంటూ పోయాను. తలెత్తేసరికి రోడ్డు ఎడమకు తిరిగింది, నేను తిరగలేదు. కారు నేరుగా కల్వర్టు గోడకు గుద్దుకుంది. బ్రేకు మీద నేను కాలు పెట్టనే లేదు. పిల్లలకు వేగం, ఘర్షణ పాఠాలు చెప్పే మనిషిని, బ్రేకు అనేది ఒకటి ఉందన్న సంగతే ఆ క్షణాన గుర్తులేదు.

వెనక టమోటా బాక్సులతో వస్తున్న వ్యానువాళ్ళు దిగి నన్ను బయటికి లాగారు. నొసటి మీంచి రక్తం కారుతోంది. వాళ్ళలో పెద్దాయన ఏమైందని అడిగాడు. "బ్రేక్ పడలేదు" అన్నాను. పాత బండి కదా అని ఆయనే తల ఊపాడు. ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి దానంతటది వచ్చింది. ఆ తర్వాత అన్నవి మాత్రం ఆలోచించి అన్నవే.

మెకానిక్ అన్నకు ఎవరో ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చాడు. కారు వైపు చూడనే లేదు. తన భుజం మీది టవలు తీసి నా తలకు కట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఐదు కుట్లు వేసేదాకా నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. పది రోజుల ముందే నా కారుకు బ్రేకులు కొత్తగా వేసిన చెయ్యి అది. ఎట్లా జరిగిందని ఆయన అడిగితే తల తిరుగుతోందని కళ్ళు మూసుకున్నాను. ఆయన కారును షెడ్డుకు లాక్కెళ్ళాడు.

మా వాళ్ళలో ప్రమాదం తప్పినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే దేవుడికి బాకీ పడినట్టు. తలకు కట్టుతో నేను మైకు దగ్గరికి వెళ్ళాను. అప్పటికి అబద్ధం నా నోట్లో బాగా నలిగి మెత్తబడింది. మలుపు గురించి చెప్పాను, పెడల్ నేల దాకా పోయిందని చెప్పాను, "బ్రేకులు పోయాయి గానీ దేవుడి చెయ్యి పోలేదు" అన్నాను. ఆ మాట పాస్టరుగారికి ఎంత నచ్చిందంటే ప్రసంగంలో మూడుసార్లు వాడుకున్నారు. అన్నిసార్లూ అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా అబద్ధానికి నేనే ఏడ్చుకున్నానంటే నా సంగతి ఎంతదాకా పోయిందో మీరే చూడండి.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఒకరు, బ్రేకులు ఎక్కడ చేయించావని అడిగారు. తెలియదనవచ్చు, మాట మార్చవచ్చు. "పుంగనూరులోనే, గుద్దుకోవడానికి పది రోజుల ముందే" అన్నాను. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. చుట్టూ ఉన్న నలుగురు కార్లవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ వారంలోనే మెకానిక్ అన్న ఫోన్ చేశాడు. "చాసిస్ వంగలేదప్పా. ముందర బాగమే పోయుండాది. నెల దినాలియ్యి, రోడ్డెక్కిస్తా. బ్రేకులు మాత్రం నువ్వొచ్చినాకనే ఇప్పుతా" అన్నాడు. నా సాక్ష్యం సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. ఇప్పితే తెలిసిపోతుంది. బాగు చేయించాలా, ఇనుముకు వేయాలా అని ఇంట్లో అప్పటిదాకా సాగుతున్న చర్చ నా మనసులో అక్కడితో అయిపోయింది. ఆ కారు ముక్కలు కావాలి. ఎవరూ దాని బ్రేకులు చూడకముందే కావాలి.

మా ఆవిడ మాత్రం బాగు చేయిద్దామనే పట్టుపట్టింది. చాసిస్ బాగుంటే బండి బతికినట్టేనని ఆమె వాదన. "నీ ప్రాణం కంటే ఆ డొక్కు ఎక్కువా? రేపు నీకు బ్రేకు పడకపోతే?" అన్నాను. ఆమె పట్టు వదిలింది. నా మీద ప్రేమతోనే వదిలింది, నేను దాన్ని వాడుకోవడం ఇంకా నీచం. కుప్పంలో తోటి లెక్చరర్లు నన్ను మెచ్చుకున్నారు, పాత బండి మీద మమకారం తెంచుకోవడం అందరివల్లా కాదని. వాళ్ళలో ఒకరు పాత బండ్లను కోసి ఇనుముకు అమ్మే ఒక తమిళాయన్ని కుదిర్చారు. శనివారం మధ్యాహ్నం ఆయన లారీ పుంగనూరుకు వచ్చేటట్టు మాట్లాడుకున్నాం.

కాగితాలు తీసుకుని నేను ముందే షెడ్డుకు వెళ్ళాను. ఎప్పుడూ ఐదారు బండ్లుండే షెడ్డులో నా కారు ఒక్కటే ఉంది. అన్న తప్ప ఇంకెవరూ లేరు. ఇనుముకు వేస్తున్నానంటే బాధపడతాడనుకున్నాను. సరేనన్నాడు. తర్వాత టవలుతో చేతులు తుడుచుకుంటూ, "ఒకటి అడగాలప్పా. లారీ వచ్చేలోపల ఆ బ్రేకులు ఒకసారి సూసుకోనియ్యి. నేను యాడ తప్పు చేసినానో తెలిస్తే సాలు. ఇంకొకరి బండికి అట్ల కాకుండా సూసుకుంటా" అన్నాడు.

ఆయన నన్ను అనుమానించి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. కోపగించుకుని ఉంటే నేనూ ఎదురు తిరిగి ఉండేవాణ్ణి, అది నాకు బాగా వచ్చు. ఆయన నన్ను నమ్మాడు. నా మాట నమ్మి, తన చేతుల్ని అనుమానించుకుంటున్నాడు. ఆ ముఖం చూసి వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. జాకీ పెట్టి ఒక్కో చక్రం పైకెత్తి చేత్తో తిప్పుతూ బ్రేకు తొక్కమన్నాడు. తొక్కాను. చక్రం ఆగిపోయింది. వదలమన్నాడు, చక్రం తిరిగింది. మళ్ళీ తొక్కమన్నాడు, మళ్ళీ ఆగింది. రెండో చక్రం, మూడోది, నాలుగోది. ముందు చక్రాలకు అడ్డం పడిన రేకును గడ్డపారతో వంచి మరీ చూశాడు. అన్నీ ఆగాయి. పైపుల వెంబడి కారిన మరక కోసం కిందికి దూరి టార్చిలైటు వేసి వెతికాడు. ఒక్క చుక్క లేదు. మోకాళ్ళ మీద లేచి వచ్చి, నా కాలి దగ్గర తల పెట్టి, పెడల్‌ను తన చేత్తోనే నొక్కి చూశాడు.

"పెడల్ గట్టిగానే ఉండాది. మరి ఆ పొద్దు యాల పడలా?" అన్నాడు. నన్ను అడగలేదు, తనను తానే అడుక్కుంటున్నాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదట. పాస్టరుగారి వ్యాను బ్రేకుల పనికి వస్తే, "నా సేతి మీద నాకే నమ్మకం లేదయ్యా, ఇంకో తావుకు తీసకపోండి" అని తనే పంపించేశాడట. ఇది చెప్పి మళ్ళీ మొదటి చక్రం దగ్గరికి వెళ్ళి, ఇంకొకసారి తొక్కమన్నాడు.

నేను తొక్కలేదు. "అన్నా, ఆ రోజు నేను బ్రేకు తొక్కనేలేదు. ఫోన్ చూసుకుంటున్నాను" అన్నాను.

ఆయన చక్రాన్ని వదిలేశాడు. తిట్టలేదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడిగాడు. ఒకసారి కడిగి, మళ్ళీ కడిగాడు. ఇంతలో లారీ వచ్చి హారన్ కొట్టింది. ఏం చెప్పమంటారని చూశాను. కారు నీది, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను లారీని వెనక్కి పంపేశాను. కారును బాగు చెయ్యమని అడిగితే తలూపాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నా నొసటి మచ్చ వైపు చూసింది. "అట్లయితే ఆ పొద్దు సర్చిలో నేను ఏడ్చింది దేనికి?" అంది.

మర్నాడు ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండని పిలిచినప్పుడు నేను లేవలేదు. ఆ పై ఆదివారం లేచాను. ఫోను, స్టేటస్, తోడల్లుడు, ఏదీ దాచలేదు. పుంగనూరు అన్న పనిలో ఏ తప్పూ లేదని రెండుసార్లు చెప్పాను. చెప్పి తల దించుకుని, ఎవరైనా ఉమ్మేస్తే బాగుండునని నిలబడ్డాను. వెనక వరసలోంచి ఎవరో స్తోత్రం అన్నారు. తర్వాత చర్చి అంతా అంది. పాప ఒప్పుకోలుకు ఎంత ధైర్యం కావాలో అని పాస్టరుగారు నన్ను దగ్గరికి తీసుకుని ప్రార్థన చేశారు. గేటు దగ్గర నలుగురు నా చెయ్యి పట్టుకుని ఊపారు. నా అబద్ధానికీ స్తోత్రమే, నిజానికీ స్తోత్రమే. వ్యాను మళ్ళీ పుంగనూరుకు పంపమని పాస్టరుగారిని అడిగాను. మంచివాడు పాపం అన్నారు. కానీ అప్పటికే ఊళ్ళో ఒక షెడ్డు కుదిరింది, దగ్గర కూడానూ అన్నారు. మిగతా కార్లవాళ్ళకూ అదే దగ్గరైంది.

రెండు నెలలకు కారు తయారైందని కబురొస్తే నేనూ మా ఆవిడా బస్సులో వెళ్ళాం. ముందు భాగం కొత్తదానిలాగా ఉంది. పెయింటు కూడా తేడా కనపడకుండా కలిపాడు. తీసేసిన సామాను చిన్నవన్నీ కాగితంలో చుట్టి, పెద్దవి తాడుతో కట్టి పక్కన పెట్టాడు. అంతా అయ్యాక తాళాలు నా చేతిలో పెట్టాడు.

"బ్రేకులు తప్ప అంతా చేసినా. వాటిని నేను ముట్టుకోలేదు. ఇంక మీదట బ్రేకుల పని మాత్రం ఇంకో షెడ్డులో చేయించుకోండి సార్" అన్నాడు.

హాస్టల్లో నన్ను ఒరేయ్ అని పిలిచిన మనిషి. మా ఆవిడ నా చేతిలోంచి తాళాలు తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. నేను సామాను మూట ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. పుంగనూరు దాటేలోపు ఆమె రెండుసార్లు బ్రేకు తొక్కింది. రెండుసార్లూ కారు తొక్కిన చోటే ఆగింది.