మరియదాసుగారి రిజిస్టరు

మరియదాసుగారికి ఒక జబ్బుంది. ఏ వస్తువు పనిచేయడం మానేసినా సరే, దాన్ని బాగుచేసే ముందు పాడుచేసినవాడెవడో ఆయనకు తేలాలి. తేలాక ఆ పేరు రిజిస్టరుకెక్కాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు బయటికొస్తుంది. ఇలాంటి మనిషి పక్కింట్లో ఉండటం పగవాడికి కూడా వద్దు. నాకు పదమూడేళ్ళుగా ఉన్నారు.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో ముప్ఫై నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారాయన. అక్కడ పని ముట్టుకోవాలంటే ముందు లైన్ క్లియర్ కాగితం రాయాలి. దాన్నే ఎల్సీ అంటారు. కరెంటు ఆపాలి, ఎర్ర బోర్డు తగిలించాలి, పనయ్యాక కాగితం వెనక్కివ్వాలి. ప్రాణాలతో వ్యవహారం కాబట్టి అక్కడ ఆ పద్ధతి ఉండాల్సిందే. కానీ ఇంట్లో మిక్సీకి ఎందుకండీ?

ఒకరోజు పొద్దున వాళ్ళావిడ అమలమ్మగారు చట్నీ వేస్తుంటే మిక్సీ ఆగిపోయింది. ఈయన ఎల్సీ రాసి, ప్లగ్గు పీకి, 'మనుషులు పనిచేస్తున్నారు' అని ఎర్ర బోర్డు తగిలించారు. పనిచేస్తున్న మనుషులెవరా అని చూస్తే ఆయనొక్కరే, అదీ కుర్చీలో కూర్చుని రిజిస్టరు రాస్తున్నారు. 'వస్తువు: మిక్సీ. కారణం: మూత సరిగా బిగించకపోవుట. బాధ్యులు: అమలమ్మ.' ఆవిడ చేత సంతకం పెట్టించుకునేసరికి ఇడ్లీలు రాళ్ళయ్యాయి.

చర్చిలో కూడా అంతే. ప్రసంగం మధ్యలో మైకు ఆగిపోతే ఈయన లేచి నిలబడి, "ఎవరూ కదలొద్దు!" అన్నారు. విచారణ నలభై నిమిషాలు సాగింది. చివరికి, 'కారణం: వైరు మీద నిలబడుట. బాధ్యులు: పాస్టరుగారు.' ఆ ఆదివారం ప్రసంగం సగంలోనే ముగిసింది. సంఘమంతా లోలోపల దేవుణ్ణి స్తుతించింది గానీ పాస్టరుగారు మాత్రం ఇప్పటికీ ఆయనకు ఎదురుపడరు.

అలాంటి మనిషి చేతిలో నా సబ్‌వూఫర్ పడింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాది తాతల నాటి నుంచి చేపల వ్యాపారం. హనుమాన్ జంక్షన్‌లో ఐసు షెడ్డు ఉంది. పొద్దస్తమానం ఆ వాసనలోనే బతుకుతాను కాబట్టి కారులోనైనా అది ఉండకూడదని నా రూలు. నా కారులో చేపలెక్కించినవాడికి నా దగ్గర పని ఉండదు. ఆ కారు డిక్కీలో బాసు అదరగొట్టే పన్నెండంగుళాల సబ్‌వూఫర్ స్పీకరు పెట్టించాను. బిగించింది కూడా మరియదాసుగారే, షాపువాళ్ళ మీద నమ్మకం లేక. నేను మా ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో పాట పెడితే కొండపల్లి కోట మీద మేకలు తలెత్తి చూసేవి.

అది ఉన్నట్టుండి మూగబోయింది.

"ఏవయ్యా హేమసుందర్, ఎప్పట్నుంచి మోగట్లేదు?" అని అడిగారాయన, రిజిస్టరు తెరిచి.

"నిన్న సాయంత్రం నుంచండి. ఆరింటికనుకుంటా."

"అనుకోటాలొద్దు. అనుకునేవాళ్ళు చేపలమ్ముకోవాలి గానీ కరెంటు జోలికి రాకూడదు."

"నేను చేపలే అమ్ముకుంటున్నానండి."

"అందుకే చెప్తున్నా."

నాకు ఒళ్ళు మండింది. "ఇంత విచారణెందుకండీ? కారు నడిపేది సురేషేగా. వాడేదో చేసుంటాడు. వాడి తప్పని తేల్చండి చాలు, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

డ్రైవరు సురేష్ గేటు దగ్గరే ఉన్నాడు. మొహం తెల్లబోయింది. వాడికి ఇది నాలుగో ఉద్యోగం. ఇది పోతే మళ్ళీ లారీల దగ్గర మూటలు మోసుకోవాల్సిందేనని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మరియదాసుగారు కళ్ళద్దాల పైనుంచి వాడి వైపు ఒకసారి చూసి, ఎల్సీ రాయడం మొదలుపెట్టారు.

స్టీరింగుకి ఎర్ర బోర్డు వేలాడింది. మొదట స్టీరియోలో బాసు తగ్గించి ఉందేమో చూశారు. లేదు. "నువ్వు చెవిటోడివి కాబట్టి ఫుల్లులోనే ఉంది," అన్నారు. బ్యాటరీ పక్కన ఫ్యూజు పీకి వెలుతురుకేసి పట్టి చూశారు. బాగుంది. రిమోటు కంట్రోలులో వాడే సెల్లొకటి తెచ్చి స్పీకరు వైర్లకు తాకించారు. 'టప్' మని స్పీకరు ఊపిరి పీల్చింది. అంటే అదీ బాగానే ఉంది.

"అయితే ఆంప్లిఫయరు పోయిందేమోనండి, కొత్తది కొనేద్దాం."

"కొనేద్దాం! నీకు తలనొప్పొస్తే కొత్త తల కొనుక్కుంటావా?"

తర్వాత ఒక్కరే డిక్కీలో తలదూర్చి కార్పెట్టు ఎత్తారు. చాలాసేపు తల బయటికి రాలేదు. వచ్చాక చేతిలోని కరెంటు మీటరు ఆపేసి, "ఇవాళ్టికి చాలు," అన్నారు. బయటికి పోతూ సురేష్‌ని ఏదో అడిగారు. నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే సబ్‌వూఫర్ మోగింది. కోట మీద మేకలు మళ్ళీ తలెత్తి ఉంటాయి. నేను పరుగెత్తుకెళ్ళాను.

"ఎవడండీ చేసింది?"

ఆయన రిజిస్టరు నా ముందుకు తోశారు. 'వస్తువు: సబ్‌వూఫర్. కారణం: ఎర్తు వైరు సరిగా బిగించకపోవుట. బాధ్యులు: మరియదాసు.'

నా కళ్ళను నేనే నమ్మలేదు. రెండుసార్లు చదివాను. పెళ్ళాన్నీ పాస్టర్నీ కూడా వదలని మనిషి తన పేరు తానే రాసుకోవడమా! అంత సంతోషం నాకు నా పెళ్ళి రోజున కూడా కలగలేదు. ఆ పేజీ ఫొటో తీసి వీధంతా పంపించాను. టీకొట్టులో చదివి వినిపించాను. ఆ రిజిస్టరులో పేరెక్కినవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి ఆయన్ని పలకరించిపోయారు. పాస్టరుగారు కూడా ఎదురుపడటం మొదలుపెట్టారు. అమలమ్మగారైతే మూడు రోజులు కూనిరాగాలు తీస్తూ చట్నీ రుబ్బారు. ఆయన మాత్రం తలొంచుకుని అన్నీ విన్నారు.

మూడు వారాలు ఆ వేడుక నడిచింది. ఒకరోజు టీకొట్టు దగ్గర నేను, "ముప్ఫై నాలుగేళ్ళు కరెంటు పని చేసిన మనిషికి ఒక నట్టు బిగించడం రాలేదండీ!" అని పదిమందినీ నవ్విస్తుంటే, సురేష్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"సార్, ఇంక చాల్సార్. అది నేను చేసిందే. రేపట్నుంచి రావొద్దంటే రాన్లెండి."

హనుమాన్ జంక్షన్‌లో కొండలమ్మ అని చేపలమ్మే ఆవిడుంది. సబ్‌వూఫర్ మూగబోవడానికి వారం ముందు ఒకరోజు గన్నవరం బయల్దేరుతుంటే ఆవిడ ఎక్కిన ఆటో చెడిపోయింది. ఎండలో ఐసు కరిగిపోతోంది. ఆవిడ ఏడుస్తుంటే చూడలేక సురేష్ రెండు బుట్టలు డిక్కీలో వేసుకుని దింపి వచ్చాడు. ఐసు కరిగి కారిన ఉప్పునీళ్ళు కార్పెట్టు కిందికి దిగి ఎర్తు వైరు కొరుక్కుతిన్నాయి.

"దాసుగారు కార్పెట్టు ఎత్తగానే వాసన పట్టేశార్సార్. నన్నడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశా. నోర్మూసుకోమన్నారు."

"మరి నాకెందుకు వాసన రాలేదురా?"

సురేష్ ఇబ్బందిగా కదిలాడు. "మీకెలా వస్తుంది సార్? ఆ చేపలు కూడా మన షెడ్డులో కొన్నవే."

టీకొట్టు మొత్తం పగలబడి నవ్వింది. ఈసారి నా మీద. నాకు సిగ్గేసింది. నవ్వినందుకు కాదు, మూడు వారాలుగా నేను ఎవరిని పట్టుకుని వెక్కిరించానో అర్థమైనందుకు. సురేష్‌ని కారెక్కమని, నేరుగా మరియదాసుగారింటికి పోనిమ్మన్నాను.

ఆయన వరండాలో అమలమ్మగారి ఇస్త్రీపెట్టెకు ఎర్ర బోర్డు తగిలిస్తున్నారు.

"దాసుగారూ, రిజిస్టరులో అబద్ధం రాశారు," అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. "నా రిజిస్టర్లో అబద్ధమా! నట్టుకి గ్రీజు పూయలేదు నేను. పూసుంటే నీళ్ళు పడ్డా ఏమయ్యేది కాదు. చేపలోడి కారుకి వైరు బిగించేటప్పుడు ఆ మాత్రం జ్ఞానం ఉండొద్దూ? ముమ్మాటికీ నా తప్పే."

"సురేష్ సంగతి నాకు తెలిసిపోయిందండీ."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు ఆగింది. "తీసేశావా?"

"లేదండి."

"బతికించావు." అంతలోనే మళ్ళీ గొంతు పెంచి, "తెలిసింది కాబట్టి రాయాల్సిందే. పద్ధతంటే పద్ధతే. ఇంద, నువ్వే రాయి," అంటూ పెన్ను నా చేతికిచ్చి, అటు తిరిగి ఇస్త్రీపెట్టె విప్పడం మొదలుపెట్టారు. సురేష్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ పేజీ తీశాను. 'బాధ్యులు: మరియదాసు' అని ఉన్నచోట, పక్కన మిగిలిన జాగా అంతా ఆక్రమించేలా బారెడేసి అక్షరాలతో నా పేరు, ఇంటి పేరు, మా నాన్న పేరు, షెడ్డు పేరు రాసి కింద సంతకం పెట్టాను.

"రాశావా?" అన్నారు, తల తిప్పకుండానే.

"రాశానండి."

"సురేష్ పేరు?"

"గడి నిండిపోయిందండి. చోటు లేదు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పేజీని పైనుంచి కిందికి తనిఖీ చేశారు. "దరిద్రపు చేతిరాత," అని, రిజిస్టరు మూసేసి, లోపలికి కేకేశారు. "అమలమ్మా! మూడు టీలు పెట్టు!"