చల్లగా ఉంటే పాస్

మొన్న కొత్త పింగాణీ గిన్నె కొన్నాను. మైక్రోవేవ్‌కు పనికొస్తుందో లేదో దాని మీద రాసి లేదు. మైక్రోవేవ్‌లో ఖాళీ గిన్నె, దాని పక్కన గాజు గ్లాసుతో నీళ్లు పెట్టి ఒక నిమిషం తిప్పాను. తలుపు తీసి గిన్నెను తాకగానే రమక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అమీర్‌పేటలో మా అమ్మ నడిపిన లేడీస్ హాస్టల్లో ఉండేది రమక్క. జావా నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కునేది. అమ్మ మైక్రోవేవ్ కొన్న రోజు ఈ పరీక్ష నేర్పింది ఆమే.

"స్టీలువి అసలు పెట్టకూడదు ఆంటీ. మిగతావి ఇలా చూడండి. నీళ్లు వేడెక్కి, గిన్నె చల్లగా ఉంటే పాస్. గిన్నె కాలితే ఫెయిల్."

ఏడేళ్ల నాకు ఈ ఆట భలే నచ్చింది. ఇంట్లో కప్పులన్నిటికీ పరీక్ష పెట్టించాను. అమ్మకు ఇష్టమైన పూల కప్పు ఫెయిలైంది.

"గిదేం పరీక్షనే! నా కప్పుకేం తక్కువైంది?" అని అమ్మ అలిగింది.

ఆ వారమే పంజాగుట్టలో రమక్కకు ఇంటర్వ్యూ. గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఐసుముక్కలా ఉంది.

"అమ్మా, అక్క మస్తు చల్లగున్నది! పాసైతది!" అని అరిచాను.

రమక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆటో ఎక్కింది. సాయంత్రం స్వీటు డబ్బాతో వచ్చి మొదటి ముక్క నా నోట్లో పెట్టింది.

చాలా ఏళ్ల తర్వాత, నా మొదటి ఇంటర్వ్యూకు పిలుపు కోసం కూర్చున్నప్పుడు నా చేతులు సరిగ్గా అలాగే చల్లబడ్డాయి. అది భయమని అప్పుడు తెలిసింది. అయినా ఒక చేత్తో ఇంకో చేతిని తాకి చూసుకుని, "పాస్" అనుకుని లోపలికి నడిచాను.