బండ మిషను కొక్కెం కోసం పాలమూరు దాకా

విదేశీ యంత్రం విరిగిన ముక్క జేబులో వేసుకొని నల్లగొండ నుంచి పాలమూరు దాకా నడి ఎండాకాలంలో ఎవరూ సరదాకు తిరగరు. మర్రిగూడ దగ్గర మా వాడలో బావి తవ్వకం బండ తగిలి ఆగిపోయింది కాబట్టి నేను తిరిగాను. మా వాడవాళ్లు ఊరి దొర బావిలో చేద వేయకూడదు. ఆడవాళ్లు గట్టు కింద బిందెలు చాచి నిలబడాలి. దొర జీతగాడు తన తీరిక చూసుకొని పైనుంచి పోయాలి. పోసినప్పుడు సగం నేలపాలు, సగం బిందెపాలు. ఇది చూడలేక ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో గ్రంథం మూసి అందరి ముందు ఒట్టు పెట్టుకున్నాను. వానలు పడే లోపల మన నీళ్లు మనమే ముంచుకుంటామని, అప్పటిదాకా ఆ పోసిన నీళ్లు నేను ముట్టనని. నేను బడికి పోయిన బోధకుణ్ణి కాను. గొర్లు కాస్తూ అక్షరాలు కూడబలుక్కొని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. ఆవేశం వస్తే ఆగదు. అందరూ ఆమెన్ అన్నారు. మర్నాడు మాత్రం అందరూ మళ్లీ ఆ గట్టు కిందికే పోయారు, పిల్లల దాహం నా ఒట్టుకు ఆగదు గదా. నేనొక్కణ్ణే మైలు దూరం నడిచి వాగు ఇసుకలో చెలిమె తోడుకొని ఆ నీళ్లు తాగుతూ వచ్చాను.

మా మధ్య కొన్నాళ్లుండి తన దేశం వెళ్లిపోయిన పాదిరిగారు పోతూ పోతూ ఒక బండ మిషను ఇచ్చి పోయారు. పెట్రోలుతో నడుస్తుంది. రెండు పిడులు పట్టుకొని నొక్కితే కింద ఉన్న ఇనుప కడ్డీని బండలోకి దించుతుంది. ఆ రంధ్రంలో మందు కూరి పేలుస్తారు. కడ్డీ ప్రతి దెబ్బకూ కొంచెం తిరగాలి. తిప్పడానికి లోపల వేలెడంత ఉక్కు కొక్కెం ఒకటి ఉంటుంది. మా వాళ్లకు బండి ఇరుసు తెలుసు, ఇరుసుకు ఆముదం తెలుసు. అంత మంచి మిషనుకు అంత మంచి నూనే పోయాలని ముంతెడు ఆముదం పోశారు. ఎండకు అది జిగురు కట్టింది, కడ్డీ బిగుసుకుంది. వదిలించాలని సమ్మెటతో నాలుగు మోదేసరికి కొక్కెం రెండు ముక్కలైంది. ఆనాటి నుంచి మిషను కొడుతుంది గాని కడ్డీ తిరగదు. బండకు గాటు పడుతుంది గాని రంధ్రం పడదు.

తెల్లవారి మర్రిగూడలో బస్సెక్కితే చండూరు మీదుగా నల్లగొండ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కిరాయి రూపాయి పావలా. బస్సంతా ఏదో పెండ్లికి పోయే జనం. పసుపు బట్టలు, పిల్లల ఏడుపులు, ఒకరి ఒళ్లో ఒకరు. నా పక్కన మాత్రం పెండ్లివాళ్ల గంప ఒకటి కూర్చుంది. మామూలుగా బస్సులో లేచి నిలబడి వాక్యం చెప్పందే నాకు ప్రయాణం చేసినట్టుండదు. ఆ రోజు గ్రంథం తీశాను, తెరిచాను, మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

నల్లగొండలో ఆయిలింజన్లు అమ్మే దుకాణం బస్టాండుకు దగ్గరే, నడిచి పోవచ్చు. సేటు గల్లాపెట్టె మీద బట్ట పరిచి ముక్కల్ని కలిపి చూసి వాసన చూశాడు.

"ఏం పోసిన్రయ్యా దీంట్ల? ఆముదమా?"

"పోసిన్రు. పోసినోళ్లను ఏమనకు. ముక్క చెప్పు."

"ముక్క నా తాన లేదు. పట్నంల ఏజెంటుకు రాయాలె, ఆయన బొంబాయికి రాయాలె, వాళ్లు బయటి దేశానికి రాయాలె. తెప్పియ్యాలంటె సర్కారు లైసెన్సు గావాలె. అండ్ల గీ మోడలు ఇప్పుడు చేస్తున్నరో లేదో."

"ఎన్నొద్దులు పడుతది?"

"వచ్చే ఎండాకాలం అనుకోన్రి. లేకుంటె కొత్తది కొనున్రి."

నాకు మండింది. కొట్టు ముందర నిలబడి, కొనలేనివాడికి కొత్తది చూపే వ్యాపారం గురించి, దప్పిగొన్నవాడి ముందు తలుపు మూసేవాడి గురించి గొంతెత్తి చెప్పాను. దారిన పోయేవాళ్లు ఆగారు. సేటు కోపం తెచ్చుకోలేదు. బీడీ ముట్టించుకొని నవ్వాడు.

"అయ్యా, మీ దేవుడు బండల నుంచి నీళ్లు తెప్పిచ్చిండంటరు గదా. మీకు మిషినెందుకు?"

"తెప్పిచ్చిండు. కని కట్టెతోని కొట్టిచ్చినంకనే వచ్చినయి. ఉట్టిగ నిలబడితె రాలే."

ఆగినవాళ్లు నవ్వారు. సేటు కూడా నవ్వి, కుండలో నీళ్లు ముంచి నాకు గ్లాసు ఇచ్చాడు. మాట నెగ్గింది. ముక్క మాత్రం దొరకలేదు. జనం చెదిరిపోయాక నేనూ నా సంచీ మిగిలాం.

ఉట్టి చేతులతో వెనక్కి పోవడానికి కాళ్లు రాలేదు. మధ్యాహ్నం దేవరకొండ బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన నాగార్జునసాగరం కట్ట పనిలో ఫిట్టరు. నా చేతిలోని ముక్క చూసి ఆయనే పలకరించాడు.

"ప్రాజెక్టు కాడికి పోతున్నవా అన్నా? మా తానయి గాలితోని నడిచే మిషిన్లు. నీది పెట్రోలుది. దానికీ దీనికీ కలువది."

"మరి ఎటు పోవాలె?"

"పాలమూర్ల లారీ అడ్డ కాడ లేతు మిషిని పెట్టిండు ఒక మిస్త్రి. లారీ సామాన్లు చేస్తడు. చేస్తె ఆయన చెయ్యాలె, లేకుంటె నువ్వు దీన్ని మెడల కట్టుకోని తిరుగాలె."

దేవరకొండలో ఆయన భార్యాపిల్లలు ఎదురొచ్చారు. చిన్నది తండ్రి చేతిలో డబ్బా లాక్కుంది. వాళ్లు వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను. నా ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేక ఆరేళ్లయింది. బస్టాండు అరుగు మీద జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిని ఒరిగాను.

పొద్దున్నే బయలుదేరితే దేవరకొండ నుంచి కల్వకుర్తి, అక్కడ బస్సు మారి జడ్చర్ల, జడ్చర్ల నుంచి పాలమూరు. కిరాయిలన్నీ కలిపి మూడు రూపాయల లోపే. దారి పొడుగునా ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, కోసిన ఆముదపు మోళ్లు. కల్వకుర్తిలో బస్సు అరగంట ఆగింది. చాయ్ హోటల్లో యజమాని నా ఊరు అడిగాడు, చెప్పాను. ఏ వాడ అని అడిగాడు, అదీ చెప్పాను. గూట్లో విడిగా పెట్టిన గ్లాసు తీసి చాయ్ పోశాడు. ముప్పై మంది ముందు గొంతు చించుకునే నేను ఆ ఒక్కడి ముందు నుంచి లేచాను. పైసలు బల్ల మీద పెట్టి, చాయ్ తాగకుండా బస్సులో వచ్చి కూర్చున్నాను. ఎవరికైనా చెబుదామంటే ఆ బస్సులో నా మొహం ఎరిగినవాడు లేడు.

పాలమూరులో మిస్త్రి కొట్టు మూసి ఉంది. శుక్రవారం, నమాజుకు పోయాడన్నారు. గుమ్మంలో కూర్చొని గ్రంథం తీశాను. ఆయన వచ్చేసరికి మూడు గంటలు. ఖాజా మిస్త్రి అంటారు, గడ్డం సగం నెరిసింది. నన్నూ నా చేతిలో పుస్తకాన్నీ చూశాడు.

"మీరు మీ కితాబు సదువుతరు, నేను నా కితాబు సదువుత. బహసు పెట్టుకోవాలంటె తెల్లారుతది. ముందుగాల మీ ఫికర్ ఏందో చెప్పున్రి."

ముక్కలు ఇచ్చాను. తిప్పి తిప్పి చూశాడు.

"ఇది కూసునే గూడు ఏది?"

"మిషిని ఇంటి కాడున్నది."

"బలే మనిషివి సాబ్. చెప్పు చూపెట్టి కాలు ఇంట్ల ఇడిసి వస్తె నేను కొలత ఎట్ల పట్టాలె?"

తిట్టినా పని కాదనలేదు. లారీ పాత కమాను పట్టీలోంచి ముక్క కోశాడు. గూడు కొలత తెలియదు కాబట్టి కొంచెం లావుగానే ఉంచుతానని, ఇంటికి పోయి ఆకురాయితో రాసుకోమని చెప్పాడు. సాయంత్రం దాకా నేను పక్కనే నిలబడ్డాను. ఎర్రగా కాలిన కొక్కేన్ని పటకారుతో పట్టి ఒక డబ్బాలో ముంచితే పొగ లేచింది. ఆ వాసన నాకు తెలుసు.

"ఆముదమా?" అన్నాను.

"ఆముదమే. ఉక్కుకు బలమిస్తది. అది పాపం ఏం చేసింది, మీరు పొయ్యరాని జాగల పోస్తిరి."

ఊరు వదిలాక మొదటిసారి నవ్వాను. ఆయన ఎనిమిది రూపాయలు తీసుకున్నాడు. నేను మోకరించి ప్రార్థన చేస్తానంటే కాదనలేదు, కొట్టు ఊడ్చుకుంటూ అయిపోయేదాకా తలుపు వేయకుండా ఆగాడు.

మర్నాడు పొద్దు వాలే వేళకు వాడకు చేరాను. ఎవరూ ఎదురు రాలేదు. మిషను మీద తాటాకులు కప్పి ఉన్నాయి. నేను లేనప్పుడు దొర మనిషి వచ్చి, మేం తవ్వే బావిలో దిగినవాళ్ల ఇంటి బిందెకు నీళ్లు పోసేది లేదని చెప్పి పోయాడట. మగవాళ్లు ఇళ్లలోనే ఉన్నారు, నన్ను చూసి లోపలికి జరిగారు. కోపంతో అరవాలని వాడ మధ్యలో నిలబడ్డాను. ప్రతి గడప పక్కనా నిండిన బిందె కనిపించింది. ఏ నోటితో అరవాలి? కొక్కేన్ని రాత్రి ఆకురాయితో రాసి కూర్చోబెట్టి, తెల్లవారి ఒక్కణ్ణే బావిలో దిగాను.

మిషను లేచింది. కడ్డీ తిరిగింది. కాని రంధ్రం మొదలయ్యేటప్పుడు కడ్డీ మొన పక్కకు జారకుండా ఒకరు పట్టాలి. నేను పైన నొక్కితే కింద జారుతుంది, కింద పట్టుకుంటే పైన నొక్కేవాడు లేడు. పొద్దెక్కేదాకా బండ మీద గీతలు పడ్డాయి తప్ప గుంట పడలేదు. అప్పుడు మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు. మా వాడ బాలమ్మ అవ్వ. నడుము సగానికి వంగి, మోకాళ్లు చాపలేని మనిషి, ఒక్కో మెట్టూ కూర్చొని కూర్చొని జరుగుతూ దిగింది. ఒక చేతిలో ముంత.

"యాకోబూ, ముందుగాల ఇవి తాగు."

"దొర బాయివి గదా అవ్వా. నేను ముట్ట."

"నీ ఒట్టు నీ తాన పెట్టుకో. నాకు పనోడు గావాలె, పీనిగె గాదు."

"నిన్ను చూసిన్రంటె రేపు నీకు పొయ్యరు."

"పొయ్యకుంటె పాయె. ఇగ ఎన్నొద్దులు తాగుత నేను?"

తాగాను. వాగు చెలిమె నీళ్ల కన్న చల్లగా ఉన్నాయి. అది ఒప్పుకోవడం నాకు కష్టమైంది. వయసులో ఉన్నప్పుడు మొగుడు సమ్మెట కొడుతుంటే కడ్డీ పట్టిన మనిషి ఆమె. కడ్డీకి గోనె పట్టా చుట్టి, రెండు చేతులా పట్టుకొని, మొహం పక్కకు తిప్పి "నొక్కు" అంది. మధ్యాహ్నానికి మొదటి రంధ్రం దిగింది. వాడలో మిషను చప్పుడు మారడం అందరూ విన్నారు. మర్నాడు నలుగురు దిగారు, ఆ మర్నాడు ఎవరు దిగలేదో చెప్పడం తేలిక. అందరి బిందెలూ ఆపితే తన పొలంలో కలుపు తీసేవాళ్లుండరని దొరకూ తెలుసు.

మందు పేలిన రెండోసారికి బండ పగులులోంచి ఊట వచ్చింది. తెల్లారేసరికి బిందె మునిగేంత నిలిచింది. మొదటి బిందె బాలమ్మదే అని అందరూ అన్నారు. ఆమె నీళ్ల అంచుకు దిగింది. దిగి, రెండు చేతులా బిందె ముందుకు చాచి, తల పైకెత్తి, అట్లాగే నిలబడింది. పైన మేమంతా చూస్తున్నాం. కాసేపటికి గాని మాకు అర్థం కాలేదు. ఆమె ఎవరైనా పోస్తారని ఎదురుచూస్తోంది.

"ముంచుకో అవ్వా" అన్నాన్నేను.

"అవునే," అంది, సిగ్గుపడి. "ముంచుకోవాలె గదా." వంగింది.

ఆ మూడు రోజులు బస్సుల్లో, అరుగుల మీద నాతో మాట్లాడేవాడు లేడని కుమిలాను. ఒంటరితనమంటే అదే అనుకున్నాను. అరవై ఏళ్లు ప్రతి పొద్దూ పదిమంది నడుమ నిలబడి, ఒకడు పోసేదాకా బిందె చాచిన మనిషిని చూశాక నా ప్రయాణం గురించి ఎక్కువ చెప్పుకోవడానికి నోరు రాదు. విదేశీ మిషను పట్టుకొని నాలాగ తిరగబోయేవారికి మాత్రం ఒక్క మాట: విరిగిన ముక్కతో పాటు అది కూర్చునే గూడును కూడా విప్పి సంచిలో వేసుకోండి, బరువైనా సరే. పాలమూరుకు శుక్రవారం కాకుండా పోండి.