ఫణీంద్ర గారి పాస్‌వర్డ్

మంగళవారం పొద్దున ఫణీంద్ర మెడలోని ఐడీ కార్డు తాడు ప్రింటర్‌లోకి పోయింది. కాగితం ఇరుక్కుందని వంగి చూస్తుండగా రోలర్లు తాడును అందుకుని, అతని గడ్డాన్ని ట్రే దాకా లాక్కెళ్లి ఆగాయి. స్విచ్ ఆపుదామని అకౌంట్లు చూసే ధనలక్ష్మి గారు లేవబోతే, ఆ భంగిమలోనే చేయి పైకెత్తి, "ఎవరూ ముట్టుకోవద్దు. ఇక్కడ అడ్మిన్‌ని నేను," అన్నాడు. అతని మాట మీద గౌరవంతో అందరూ కాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నారు. తరువాత ధనలక్ష్మి గారు కత్తెర తెచ్చి తాడు కోశారు.

నరసరావుపేటలో చెన్నకేశవులు గారిది పత్తి కొనుగోలు ఆఫీసు. గుంటూరులోని ఒక పెద్ద కంపెనీకి పత్తి కొనిపెడతారు. ఆ కంపెనీ లెక్కలతో ఇక్కడి కంప్యూటర్లను కలపడానికి విపిఎన్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఏ కంప్యూటర్‌లోనైనా కొత్తది ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. అది ఫణీంద్రకు తప్ప నరమానవుడికి తెలియదు.

ఆ పాస్‌వర్డ్ కొట్టడం అతనికి పూజతో సమానం. కుర్చీలో ఉన్నవాళ్లు లేచి గోడవైపు తిరిగి నిలబడాలి. "ఇక తిరగండి" అనేదాకా మెడ తిప్పకూడదు. ధనలక్ష్మి గారు మోకాళ్ల నొప్పులతోనే తిరిగేవారు. ఒకసారి చెన్నకేశవులు గారిని కూడా, జీతమిచ్చే మనిషని చూడకుండా, తిప్పి నిలబెట్టాడు.

బెల్లంకొండ నుంచి వచ్చి కొత్తగా చేరిన అర్చనకు ఆ గోడ బాగా పరిచయమైపోయింది. గోడ మీద చెన్నకేశవులు గారి నాయన ఫొటో, దానికి అద్దం. ఆ అద్దంలో కంప్యూటర్ తెర కుడిఎడమలు మారి చక్కగా కనిపించేది. గోడవైపు తిరగమన్న మేధావి గోడ మీద ఏముందో చూసుకోలేదు. అర్చనకు వింతగా తోచింది ఇంకొకటి. కీబోర్డు చప్పుడు ఎప్పుడూ వినపడేది కాదు, ఉత్త మౌస్ టిక్కుటిక్కులే. విపిఎన్ విండో తెరిచి, అందులో ఫైల్ సేవ్ చేసుకునే బటన్ నొక్కేవాడు. ఫోల్డర్లు వచ్చేవి. అక్కడినుంచి తనకు కావలసింది తెరిచేవాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ ఊసే ఎత్తేది కాదు.

ఆ సాఫ్ట్‌వేర్ పూర్తి అధికారంతో నడిచేది. దాంట్లోంచి ఏది తెరిచినా ఆ అధికారం దానికీ అంటుకునేది. ఎమ్మెల్యే కారులోంచి దిగితే డ్రైవరు బావమరిదికైనా దణ్ణాలు పడ్డట్టు.

గురువారం ఫణీంద్ర పెళ్లికని క్రోసూరు పోయాడు. ఫోన్ ఎత్తలేదు. రసీదుల కోసం కొత్తగా కొన్న ప్రింటర్ అట్టపెట్టెలోంచి బయటికొచ్చి, దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించేవాడు లేక బొమ్మలా కూర్చుంది. బయట పత్తి ట్రాక్టర్లు బారు తీరాయి.

"ఏందమ్మాయ్, కాయితం ముక్క ఇయ్యటానికి గూడా ముహూర్తం జూడాలా?" అన్నాడు రైతు కృష్ణయ్య.

అర్చన అద్దంలో చూసినట్టే నొక్కింది. ప్రింటర్ పనిచేసింది. రైతులు ఇళ్లకు పోయారు.

మర్నాడు వచ్చిన ఫణీంద్ర రసీదులు కొడుతున్న ఆ ప్రింటర్‌ను, దాని ముందున్న అర్చనను చూసి, చెప్పు పోగొట్టుకున్నవాడిలా యజమాని గదిలోకి పరుగెత్తాడు. "నా పాస్‌వర్డ్ దొంగిలించిందండీ! ఈ పిల్లనైనా తీసెయ్యండి, నన్నైనా తీసెయ్యండి."

చెన్నకేశవులు గారు అందర్నీ పిలిచారు. "ఏమే అర్చనా, ఏంది ఇది? మీ నాయన మొహం చూసి పెట్టుకున్నా. దొంగతనమే అయితే ఇయ్యాలే బస్సెక్కు."

అర్చనకు ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. దొంగ అన్న పేరు తనకంటే ముందే బెల్లంకొండలో బస్సు దిగుతుంది.

"నాకు పాస్‌వర్డ్ తెలవదు పెదనాన్నా. ఫణీంద్రన్న చేసేదే చేశా. చూపిస్తా, చూడండి." అక్కడే నొక్కి చూపించింది.

"అది అడ్డదారి!" అన్నాడు ఫణీంద్ర.

"అయితే రాజమార్గం నువ్వు చూపియ్యి. పాస్‌వర్డ్ కొట్టు. మేం గోడకు తిరుగుతాంలే," అన్నారు చెన్నకేశవులు గారు.

అందరూ తిరిగారు. ధనలక్ష్మి గారు ఫొటో అద్దంలోకి కళ్లజోడు సర్దుకుని చూస్తూ, "తప్పంటోంది నాయనా, ఇంకోటి కొట్టు," అన్నారు. కాసేపాగి, "ఇదీ తప్పే."

"మర్చిపోయా," అన్నాడు ఫణీంద్ర.

"ఎప్పుడు?"

"నిరుడు ఉగాదికి ముందు."

అప్పటినుంచీ అతనూ దొడ్డిదారినే దూరుతున్నాడన్నమాట. ఆ దారిన వెళ్లినవాడు కొత్త పాస్‌వర్డ్ ఒకటి పెట్టేసుకోవచ్చు. ఆపాటి ఆలోచన కూడా రాలేదు. మనుషుల్ని గోడకు తిప్పడంలోనే తెలివంతా ఖర్చయిపోయింది పాపం.

చెన్నకేశవులు గారు గుంటూరు కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అక్కడ కంప్యూటర్లు చూసే లిఖిత విని నిట్టూర్చింది. "తెలిసిన లోపమే సార్. ఆ బటన్ నొక్కి ఎవరైనా అడ్మిన్ అయిపోవచ్చు. ఎండాకాలంలోనే కొత్త వెర్షన్ పంపాం. అది వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. మీ ఫణీంద్ర గారికి గుర్తు చేస్తూనే ఉన్నాం."

ఆయన ఫోన్ పెట్టేసి, "నువ్వు పోయి రసీదులు చూసుకో అమ్మాయ్," అన్నారు అర్చనతో. తరువాత ఫణీంద్ర వైపు తిరిగారు.

"ఒరేయ్, దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టి, ఆడపిల్లను పట్టుకుని దొంగంటివి గదరా! ఇన్ని నెలలుగా ఆ కొత్తది ఎందుకు వెయ్యలా?"

ఫణీంద్ర నిజంగానే నొచ్చుకున్నాడు.

"అది వేస్తే నేను లోపలికెట్టా పోయేదండీ?"