అత్తగారి చెయ్యి

పోయిన ఆదివారం, నాకు ఈ ముసలితనంలో తెలుగు అక్షరాలు నేర్పిన హైదరాబాదు అమ్మాయి ఇంటికొచ్చింది. డర్బన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఇప్పుడు ఎనర్జీ హీలింగ్ క్లాసులకు కూడా పోతోందట. అరచేతులు నా ముఖం ముందు చాపి, వేడి తెలుస్తోందా అమ్మమ్మా అని అడిగింది. తెలిసింది. టీ కప్పు అప్పుడే కింద పెట్టింది మరి. నవ్వు ఆపుకుని, నేనూ ఒకప్పుడు ఆ పని నేర్పినదాన్నేనని చెప్పాను. మంత్రమేమిటని అడిగింది.

ఇక్కడ దక్షిణాఫ్రికాలోనే, డర్బన్‌కు ఉత్తరాన షాకాస్‌క్రాల్ ఊళ్లో, చెరకు తోటల అంచున అప్పట్లో మా ఇల్లు. మా అత్తగారికి చెయ్యి ఉందని చుట్టుపక్కల పేరు. ఒంట్లో బాగాలేనివాళ్లను పీట మీద కూర్చోబెట్టి, చేతులు రుద్దుకుని, ఒంటికి తగలకుండా జానెడు ఎడంగా నడినెత్తి నుంచి పాదాల దాకా దింపేది. చివర చేతులు విదిలించి ఉప్పునీళ్లలో కడుక్కునేది. దింపుతున్నంతసేపూ జబ్బును తిట్టేది. దేవుణ్ణి బతిమాలాలి గానీ, జబ్బును బతిమాలితే నెత్తికెక్కుతుందని ఆమె నమ్మకం. ఆ చెయ్యి కోడలికే ఇవ్వాలట, కూతురికి కాదు. కూతురు ఇంకో ఇంటికి పోయేది, చెయ్యి ఇంట్లోనే ఉండాలి. అలా అది నాకొచ్చింది. చిన్నప్పటి నుంచి తల్లి పక్కన ఉప్పునీళ్ల గిన్నె పట్టుకుని నిలబడిన మా ఆడబిడ్డకు రాలేదు. తర్వాత ఆమె పెంతెకోస్తు సంఘంలో చేరింది. అక్కడ ఎవరైనా చెయ్యి పెట్టి ప్రార్థించవచ్చు. మతం మారిందని ఊరంతా అన్నారు. తన చేతులకు పని వెతుక్కుంటూ పోయిందని నేననుకున్నాను.

తెల్లవాళ్లతో పాటు నల్లవాళ్లూ మేమూ అందరం మొదటిసారి కలిసి ఓటు వేసే రోజు దగ్గరపడుతున్న కొద్దీ, గొడవలవుతాయని భయం పెరిగింది. ఇళ్లల్లో కొవ్వొత్తులు, డబ్బా చేపలు పోగేసుకున్నాం. కొండల వైపు జరిగిన పార్టీల కొట్లాటల్లో మా వెనకింటి జులూ ముసలమ్మ కొడుకు పోయాడు. ఆమెను గోగో అనేవాళ్లం, అంటే అవ్వ. గోగో సమాధి దగ్గర కూడా ఏడవలేదు. ఆ తర్వాత మాట లేదు, ముద్ద దిగదు. క్లినిక్ మాత్రలూ పని చేయలేదు. మా కళ్ల ముందే మనిషి ఆరిపోతోంది. నా ఒక్కదాని చెయ్యి చాలలేదు. అందుకని అత్తగారి నియమం పక్కన పెట్టి, వీధిలో ఆడవాళ్లను మా గరాజులో కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టాను.

నేర్పడమంటే తంటాయే. ఇక్కడే పుట్టి ఇంగ్లీషులో పెరిగిన మావాళ్లకు తెలుగంటే అమ్మమ్మలు పాడిన భజనలు, తిన్న కూరల పేర్లు. నేను చేతులు దింపుతూ అలవాటుగా, "పో ముదనష్టపుదానా, నీకిక్కడేం పని, పో" అన్నాను. వాళ్లు కళ్లు మూసుకుని, భక్తిగా, రాగం పెట్టి తిరిగి పలికారు. ఒకామె చివర ఓం కూడా చేర్చింది. చెప్పబోయాను. కానీ నెలల తరబడి భయంతో బిగుసుకున్న ఆ భుజాలు మెల్లగా కిందికి దిగుతున్నాయి. ఊరుకున్నాను.

ఆడబిడ్డకు తెలిసింది. వదిన దయ్యాల పూజ పెట్టిందని సంఘంలో చెప్పింది. సగం మంది మానేశారు. ఒక మంగళవారం పొద్దున్న, మిగిలినవాళ్లనూ లేపుకుపోవడానికి బైబిలు చంకలో పెట్టుకుని గరాజు ముందు నిలబడింది. సరిగ్గా అప్పుడే మావాళ్లు గోగో చుట్టూ చేతులు చాపి రాగం అందుకున్నారు. ఆడబిడ్డ మెడ చాచి, చెవి పెట్టి వింది. అక్కడ తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే.

"నో మాన్ వదినా, కానే కాదు, మంత్రం కాదిది. మా అమ్మ తిట్టు."

"అవును. జబ్బుని తిడతన్నాం."

"ఓం ఎందుకు పెట్టేరు?"

"అది వాళ్లదే. నాది కాదు."

గోడ పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి, అవి ఆగలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి గోగో వెనక నిలబెట్టాను.

"మీ అమ్మ చెయ్యి ఇది. నాకిచ్చింది, నీకిస్తన్నాను. నీ దేవుడి పేరే పెట్టుకో."

బైబిలు నా చేతికిచ్చింది. అచ్చం తల్లిలాగే చేతులు రుద్దుకుంది. జానెడు ఎడం మాత్రం ఉంచలేదు, అరచెయ్యి గోగో వీపుకు ఆనించేసింది. ఏసయ్యా అని మొదలుపెట్టి, నడుమ తల్లి గొంతుతోనే ముదనష్టపుదాన్ని పొమ్మంది. గోగో ఆ చేతిలోకి వాలింది. తర్వాత కొడుకును పేరు పెట్టి పిలిచి, వీధంతా వినపడేలా ఏడ్చింది. ఎవరమూ ఊరుకోమనలేదు. మధ్యాహ్నానికి తనే అన్నం అడిగింది. మా ఇంటి పప్పుచారు పోసుకుని తింది, మళ్లీ వేయమంది. ఎన్నికల్లో నేనే గెలిచినట్టు వీధి వీధీ తిరిగి చెప్పాను.

మానేసినవాళ్లు తమ సంఘం పాటలతో సహా తిరిగొచ్చారు. గరాజు చాలక రోడ్డు మీదికొచ్చాం, ఆడబిడ్డా నేనూ చెరో వరస నేర్పాం. ఓటు రోజున తెల్లవారకముందే వరసలో నిలబడ్డాం, మా ఇద్దరి మధ్య గోగో. నాకింకా చదువు రాదు, అయినా కాగితం మీద నాయకుల బొమ్మలున్నాయి, గీత పెట్టి వచ్చాను. ఆ సాయంత్రానికి కాలం మారిందని అందరూ అన్నారు. నా వరకు అది అంతకు ముందే, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆ ముసలమ్మ రెండోసారి అన్నం అడిగినప్పుడే మారింది.